ఉగాది సున్నంతోపాటే ఇంటి బీమా

వారాసిగూడ: ఉగాది సమీపించగానే ఇళ్లకు సున్నాలు, రంగులు వేయించడం ఆనవాయితీ. డాబా, ప్రహరీ, కరెంటు తీగలు, బీమా పత్రాలను సరిచూసుకోవడానికీ ఇదే అనువైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులు, వడగళ్ల వానలు కురుస్తాయి. జూన్‌లో నైరుతి రుతుపవనాలు ప్రవేశిస్తాయి. ఆలోగా పని ముగిస్తేనే సిమెంటు పూత గట్టిపడుతుంది.

నగరంలో 2000 ఆగస్టులో ఒకే రోజు 24 సెంటీమీటర్లకు పైగా, 2020 అక్టోబరులో ఒకే రోజు సుమారు 19 సెంటీమీటర్ల వర్షం కురిసింది. 2020 వానలకు బండ్లగూడ ప్రాంతంలో ప్రహరీ గోడ పక్క ఇళ్లపై కూలి పలువురు మరణించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి, సికింద్రాబాద్‌కు మధ్యనున్న వారాసిగూడ వంటి చోట్ల ఇళ్లు ఒకదానినొకటి ఆనుకుని ఉంటాయి. ఒకరి నిర్లక్ష్యం పొరుగువారికీ ముప్పే.

డాబా, గోడలు

* డాబాపై చెత్త ఊడ్చి, వాన నీటి గొట్టాల మూతులు శుభ్రం చేయించాలి. నీరు ఎక్కడ నిలుస్తోందో బిందెలతో పోసి చూసుకోవాలి.
* పగుళ్లను పూడ్చాకే రంగులు వేయించాలి. చెమ్మపై వేసిన రంగు నిలవదు.
* ఒరిగిన పిట్టగోడ, ప్రహరీ, చువ్వలు బయటపడిన సజ్జలను మేస్త్రీకి చూపించాలి.
* రేకుల బోల్టులు బిగించి, పైనున్న రాళ్లు, పూలకుండీలను దించాలి.
* ఇంకుడుగుంతలో పూడిక తీయించాలి.

కరెంటు, గ్యాస్

ఏసీలు, కూలర్లతో వేసవిలో విద్యుత్ భారం పెరుగుతుంది. ఎర్తింగ్, ఎంసీబీలను ఎలక్ట్రీషియన్‌తో పరీక్షింపజేయాలి. వీధి తీగలు డాబాకు దగ్గరగా వేలాడుతుంటే 1912కు తెలపాలి. గ్యాస్ గొట్టంపై ముద్రించిన గడువు తేదీని చూసుకోవాలి. గ్యాస్ లీకైతే 1906కు ఫోన్ చేయాలి.

బీమా వర్తించేది దేనికి?

బీమా నియంత్రణ సంస్థ ఆదేశాల మేరకు 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు 'భారత్ గృహ రక్ష' పాలసీని అందిస్తున్నాయి. అగ్నిప్రమాదం, పిడుగు, తుపాను, వరద, భూకంపం, నీటి ట్యాంకు పగలడం వంటి నష్టాలు దీని పరిధిలోకి వస్తాయి. బీమా మొత్తాన్ని స్థలం ధరతో కాక, నిర్మాణ వ్యయంతో లెక్కగడతారు. ఉదాహరణకు 1,000 చదరపు అడుగుల ఇంటికి అడుగుకు రూ.2,000 చొప్పున రూ.20 లక్షలు అవుతుంది. అందులో 20 శాతం, అంటే రూ.4 లక్షల మేర ఇంటి సామగ్రికి కూడా రక్షణ లభిస్తుంది. దీని గరిష్ఠ పరిమితి రూ.10 లక్షలు. అంతకు మించి కావాలంటే ముందుగా కోరాలి. నగలకు విడిగా రక్షణ తీసుకోవాలి.

అరుగుదల, పాతబడటం, ఉద్దేశపూర్వక నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టానికి పరిహారం రాదు. ఏళ్ల తరబడి కారిన నీటితో నానిన గోడకు డబ్బు అడిగితే కంపెనీ తిరస్కరిస్తుంది. పాలసీ మరమ్మతులకు ప్రత్యామ్నాయం కాదు. సాధారణ దొంగతనానికి వేరే పాలసీ అవసరం. వరద, అగ్నిప్రమాదం వంటి ఘటన జరిగిన ఏడు రోజుల్లోపు ఆ ఇంట్లో జరిగే దొంగతనానికే ఇది వర్తిస్తుంది.

ఓయూ పరిసరాల్లో గదులు అద్దెకు తీసుకున్న విద్యార్థులు, కుటుంబాలు తమ సామగ్రికి మాత్రమే పాలసీ తీసుకోవచ్చు. కట్టడానికి బీమా యజమాని బాధ్యత.

నష్టం జరిగితే...

మరమ్మతులు పూర్తికాగానే ఇంటి ఫొటోలు తీసి, మేస్త్రీ, ఎలక్ట్రీషియన్ రసీదులతో కలిపి భద్రపరచాలి. ఇల్లు బాగున్నప్పటి స్థితికి అవే ఆధారం. నష్టం జరిగితే వెంటనే కంపెనీకి తెలిపి, 30 రోజుల్లోగా క్లెయిమ్ పత్రం సమర్పించాలి. సర్వేయరు చూసేవరకు పాడైన వస్తువులను పారవేయరాదు. కంపెనీ నెల రోజుల్లో ఫిర్యాదును పరిష్కరించకపోయినా, దాని జవాబు సంతృప్తికరంగా లేకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఇందుకు రుసుము లేదు.