రాజు లేనప్పుడు రాజ్యం కాసినోడు

ఈ ఎపిసోడ్ రేచర్ల రుద్రుడి గురించి.

1199 ప్రాంతంలో దేవగిరి యాదవులతో యుద్ధంలో కాకతీయ మహాదేవుడు చనిపోయాడు. కొడుకు గణపతిదేవుడు బందీ అయ్యాడు. రాజు పరాయి దేశంలో ఉంటే ఇక్కడ సామంతులు తిరగబడ్డారు. అప్పుడు నిలబడింది సేనాని రుద్రుడే.

వాళ్ల వంశం తరతరాలుగా కాకతీయుల కొలువులోనే ఉంది. పూర్వీకుడు బ్రహ్మసేనాని కంచి తలుపులు తెరిపించాడని పాలంపేట శాసనం చెప్తుంది. రుద్రుడు తిరుగుబాట్లు అణిచాడు. గణపతిదేవుడు విడుదలై వచ్చేదాకా రాజ్యాన్ని కాశాడు, తాను గద్దె ఎక్కలేదు. అందుకే రాజ్యభారం మోసినోడని, 'కాకతిరాజ్యభారధౌరేయ' అని బిరుదు.

1213లో ఆయన కట్టించిందే మన రామప్ప గుడి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

మనం లేని ఇంటిని కాసేవాళ్లకు బిరుదులుండవు. ఫోన్‌లో పైసల ముచ్చటకు ముందు వాళ్ల కష్టం అడగండి.