కండరాల క్షీణత – ఫ్యాటీ లివర్

కండరాల పరిమాణం, బలం క్రమంగా తగ్గిపోవడాన్ని సార్కోపీనియా అంటారు. 1989లో అమెరికన్ శాస్త్రవేత్త ఇర్విన్ రోసెన్‌బర్గ్ ఈ పేరు ప్రతిపాదించారు. కాలేయ కణాల్లో 5 శాతం, అంతకు మించి కొవ్వు చేరితే అది ఫ్యాటీ లివర్. ఈ రెండూ తరచు ఒకే వ్యక్తిలో కనిపిస్తాయి. ఒకటి రెండోదాన్ని ముదరబెడుతుంది.

కండరం నుంచి కాలేయానికి: ఇన్సులిన్ ప్రభావంతో రక్తంలోని గ్లూకోజులో అధిక భాగాన్ని వాడుకునేవి, నిల్వ చేసుకునేవి కండరాలే. కండ తగ్గినా, ఉన్న కండ ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోయినా, మిగిలిన గ్లూకోజు కాలేయానికి చేరి కొవ్వుగా మారుతుంది. అదే సమయంలో కొవ్వు కణజాలం నుంచి విడుదలయ్యే ఫ్యాటీ ఆమ్లాలూ అక్కడికే చేరతాయి.

కాలేయం నుంచి కండరానికి: కాలేయంలోని వాపు దీర్ఘకాలం కొనసాగితే కండరాల్లోని ప్రొటీన్ కరుగుతుంది. జబ్బు సిర్రోసిస్‌గా (కాలేయం మచ్చలుపడి గట్టిపడటం) ముదిరినప్పుడు కాలేయం అమ్మోనియాను యూరియాగా సరిగా మార్చలేకపోతుంది. ఆ భారం కండరాలపై పడి, కొత్త కండ ఏర్పడటం మందగిస్తుంది. పొట్టలో నీరు చేరడం వల్ల బరువు తగ్గినట్టు కనిపించదు. కాళ్లూ చేతులూ మాత్రం పీక్కుపోతాయి.

సన్నగా ఉన్నవారికీ ఈ ముప్పు ఉంది. ఎత్తుకు తగ్గ బరువు సూచిక (బీఎంఐ) సమానంగా ఉన్న యూరోపియన్లతో పోలిస్తే భారతీయుల్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అని పుణె పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ చూపించారు.

నిర్ధారణ: కాలేయంలోని కొవ్వు అల్ట్రాసౌండ్‌లో, గట్టిదనం ఫైబ్రోస్కాన్‌లో తెలుస్తాయి. 2019 నాటి ఆసియా ప్రమాణాల ప్రకారం పిడికిలి పట్టు పురుషుల్లో 28 కిలోలు, స్త్రీలలో 18 కిలోల కన్నా తక్కువైతే కండరాల బలం తగ్గినట్టు. కండ పరిమాణాన్ని డెక్సా స్కాన్‌తో కొలుస్తారు.

చికిత్స: అధిక బరువున్నవారు శరీర బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు, వాపు తగ్గుతాయి. అయితే కడుపు మాడ్చుకుని వేగంగా తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. అందుకే నడకకు తోడు వారానికి కనీసం రెండు రోజులు బరువులెత్తడం, గుంజీలు వంటి కండరాల వ్యాయామం అవసరం. ఆరోగ్యవంతులైన పెద్దలకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని 2020లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచించింది. సిర్రోసిస్ రోగులకు 1.2 నుంచి 1.5 గ్రాములు అవసరం. వారికి పప్పు, గుడ్లు మాన్పించడం హానికరం. ఫ్యాటీ లివర్ చికిత్సలో బరువు తగ్గించడం ఎంత ముఖ్యమో, కండను కాపాడుకోవడమూ అంతే ముఖ్యం.