పాతకాలపు ఎలక్ట్రిక్ బేస్ గిటార్ పునరుద్ధరణ

పాతకాలపు ఎలక్ట్రిక్ బేస్ గిటార్ పునరుద్ధరణ అంటే దశాబ్దాల కిందట తయారై, వాడకం వల్లనో నిర్లక్ష్యం వల్లనో దెబ్బతిన్న వాద్యాన్ని, అసలు భాగాలను వీలైనంత వరకు నిలుపుతూ మళ్లీ వాయించదగిన స్థితికి తేవడం. మామూలు మరమ్మతులో పాడైన భాగాన్ని మార్చేస్తారు. పునరుద్ధరణలో దాన్ని బాగుచేయడానికే మొదట ప్రయత్నిస్తారు. ఈ పని ఎక్కువగా అమెరికన్ కంపెనీ ఫెండర్ 1950, 60 దశకాల్లో చేసిన ప్రెసిషన్, జాజ్ బేస్‌లపై సాగుతుంది.

నేపథ్యం

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను మార్కెట్లోకి తెచ్చారు. మెడపై ఫ్రెట్లు ఉండటంతో స్వరస్థానం కచ్చితంగా పలికేది. నిలువెత్తు డబుల్ బేస్‌ను మోసుకు తిరిగే శ్రమ తప్పింది. దీని తీగ పొడవు 34 అంగుళాలు. తర్వాతి బేస్‌లకు ఇదే ప్రమాణమైంది. 1957లో రెండు ముక్కల పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం), 1960లో సన్నని మెడతో, రెండు పికప్‌లతో జాజ్ బేస్ వచ్చాయి. 1965 జనవరిలో కంపెనీ సీబీఎస్ చేతికి వెళ్లింది. అంతకుముందు తయారైన వాటికి సేకరణదారుల్లో గిరాకీ ఎక్కువ.

కాలనిర్ణయం

పనికి ముందు వాద్యం ఏ ఏటిదో, ఏ భాగాలు అసలైనవో తేల్చాలి. మెడను పట్టి ఉంచే నాలుగు స్క్రూలు విప్పితే దాని మడమపై, అంటే మొండెంలో అమరే చివరన, పెన్సిల్‌తో రాసిన తేదీ, 1962 తర్వాతి వాటిలో సిరా ముద్ర కనిపిస్తాయి. వాల్యూమ్, టోన్ పొటెన్షియోమీటర్ల వీపున ఉండే అంకెలు మరో ఆధారం. 304-66-12 అని ఉంటే 304 తయారీదారు స్టాక్‌పోల్ గుర్తు, 66 సంవత్సరం, 12 వారం. అయితే 1966లో భారీగా కొన్న ఆ భాగాలను కంపెనీ తర్వాత కొన్నేళ్లు వాడింది. అందువల్ల ఆ అంకెలు వాద్యం అంతకు ముందుది కాదని మాత్రమే చెబుతాయి. క్రమసంఖ్య ఒక్కదాన్నే నమ్మి ఏడాదిని తేల్చడం కుదరదు.

మెడ, ఫ్రెట్లు

నాలుగు తీగల లాగుడు మొత్తం 70 కిలోలకు మించుతుంది. ఏళ్ల తరబడి ఆ బరువుకు మెడ ముందుకు వంగుతుంది. లోపలి ఉక్కు కడ్డీ, అంటే ట్రస్ రాడ్, దీన్ని సరిచేస్తుంది. పాత ఫెండర్లలో దాని నట్టు మడమ వైపు ఉంటుంది కాబట్టి తీగలు వదులు చేసి, మెడ విప్పి, పావు చుట్టు తిప్పి, మళ్లీ బిగించి చూడాలి. తొందరపడి బలంగా తిప్పితే కడ్డీ తెగుతుంది.

అరిగిన ఫ్రెట్లను ముందు సానపట్టి సమం చేస్తారు. అప్పటికీ కుదరకపోతేనే మారుస్తారు. ఆ కాలంలో ఫెండర్ ఫ్రెట్లను పక్క నుంచి జొనిపేది. వాటిని పైకి పెరికితే చెక్క పెచ్చులూడుతుంది. పక్కకే తట్టి తీయాలి.

విద్యుత్ భాగాలు

పికప్‌లో అయస్కాంతాల చుట్టూ సుమారు 0.06 మి.మీ. మందమున్న రాగి తీగ వేల చుట్లు ఉంటుంది. చెమట, తేమ వల్ల అది తెగితే శబ్దం ఆగిపోతుంది లేదా బాగా సన్నగిల్లుతుంది. తెగింది చుట్ట కొసలోనైతే అక్కడ సోల్డరింగ్ చేస్తే చాలు. లోపల ఎక్కడో తెగితేనే తిరిగి చుట్టాలి. గరగరలాడే పొటెన్షియోమీటర్లు చాలాసార్లు శుభ్రపరిచే ద్రవంతోనే కుదుటపడతాయి. పనిచేస్తున్న పాత కెపాసిటర్లను, గుడ్డ తొడుగున్న వైర్లను కదిలించరు.

పూత

1960ల చివరి వరకు పైపూతగా ప్రధానంగా నైట్రోసెల్యులోజ్ లక్కర్ వాడేవారు. అది కాలక్రమంలో పసుపు పడుతుంది, ఉష్ణోగ్రత మార్పులకు సన్నని పగుళ్లు తేలుతుంది. సేకరణదారుల దృష్టిలో ఇవి లోపాలు కావు, వయసుకు సాక్ష్యాలు. కొత్త లక్కర్ పాతదాన్ని కరిగించి అందులో కలిసిపోతుంది కాబట్టి చిన్న దెబ్బలను అక్కడికక్కడే పూడ్చవచ్చు. మొత్తం గీకి కొత్త రంగు వేస్తే మాత్రం ధర సుమారు సగానికి పడిపోతుందన్నది వ్యాపారుల లెక్క.

ప్రసిద్ధ ఉదాహరణ

బేసిస్ట్ జాకో పాస్టోరియస్ వాయించిన 1962 నాటి జాజ్ బేస్‌ది, అసలు రూపాన్ని నిలిపే ఈ పద్ధతికి భిన్నమైన కథ. దాని ఫ్రెట్లు తీసి, గాడులు పూడ్చి, పైన ఎపాక్సీ పూశారు. 1980ల నడుమ అది ముక్కలైంది. వాద్యాల మరమ్మతు నిపుణులు కెవిన్ కాఫ్‌మన్, జిమ్ హామిల్టన్ ఆ ముక్కలను అతికించి, ముందూ వెనకా పలుచని మేపుల్ పొర వేసి నిలబెట్టారు. 1986లో న్యూయార్క్‌లో దొంగల పాలైన ఆ వాద్యం 2000 దశకంలో బయటపడింది. 2010లో మెటాలికా బేసిస్ట్ రాబర్ట్ ట్రుజిల్లో సాయంతో జాకో కుటుంబానికి చేరింది. ఫ్రెట్లు లేకపోవడమే దాని ప్రత్యేక స్వరానికి మూలం కనుక, ఆ మార్పును రద్దు చేయడం పునరుద్ధరణ అనిపించుకోదు.

నియమాలు

చేసిన పనిని తర్వాతివారు వెనక్కి తీసుకోగలగాలి. కొత్త రంధ్రాలు వేయకూడదు. ప్రతి దశనూ ఫొటోలతో నమోదు చేయాలి. 1960ల మధ్య వరకు వేలిపట్టీకి వాడిన బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి, అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉంది కాబట్టి అలాంటి వాద్యాన్ని దేశం దాటించి అమ్మాలంటే అనుమతి పత్రాలు కావాలి. తీసేసిన అసలు భాగాలు పనికిరానివైనా పారేయకుండా వాద్యంతోపాటే యజమానికి అప్పగించడం ఈ వృత్తిలో ఆనవాయితీ.