ముల్కీ నుంచి ఐటీ హబ్ దాకా: వృత్తి, సాంకేతిక ఉద్యోగాల్లో స్థానికత – ఆత్మకూర్ (ఎస్) నేపథ్యం

కీలకపదాలు: ముల్కీ, స్థానికత, రాష్ట్రపతి ఉత్తర్వులు, సాంకేతిక సేవలు, జనగణన.

1. ఉపోద్ఘాతం:
ఆత్మకూర్ (ఎస్) మండలం పేరులోని ‘ఎస్’ సూర్యాపేటను సూచిస్తుంది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఆత్మకూర్ (ఎం) అనే మరో మండలం ఉండటంవల్ల ఈ గుర్తు అవసరమైంది. ఊరు ఎటువైపుదో ఈ అక్షరం తేల్చినట్లే, ఉద్యోగార్థి ఏ ప్రాంతంవాడో తేల్చడానికి తెలంగాణలో నూరేళ్లుగా చట్టాలు వస్తూనే ఉన్నాయి. ‘ఉద్యోగం ఎవరిది?’ అన్న ప్రశ్నకు అవి సమాధానం వెతికాయి. ‘ఉద్యోగం ఎక్కడ?’ అన్న ప్రశ్న మాత్రం వాటి పరిధికి వెలుపలే మిగిలింది. ఈ అంతరాన్ని చారిత్రకంగా పరిశీలించడం వ్యాసోద్దేశం.

2. ముల్కీ నిబంధనలు – 1969 ఉద్యమం:
ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1919లో జారీ చేసిన ఫర్మానా ప్రభుత్వ కొలువులను ముల్కీలకు ప్రత్యేకించింది. స్థానికేతరులు ముల్కీ హోదా పొందడానికి 15 ఏళ్ల నివాసం షరతు అయింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం, 1929లో దాని ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడటంతో స్థానికంగా సాంకేతిక విద్యావంతులు తయారవడం మొదలైంది. హైదరాబాద్ రాష్ట్ర విలీనం తర్వాత నిబంధనల ఉల్లంఘనపై 1952లో ముల్కీ ఉద్యమం వచ్చింది. 1969 ఉద్యమానికి తొలి నిప్పు పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం నియామకాల వివాదంలోనే రాజుకుంది. అంటే గుమాస్తా, ఉపాధ్యాయ కొలువులతో పాటు సాంకేతిక ఉద్యోగం కూడా ప్రాంతీయ అస్తిత్వ సమస్యగా మారింది.

3. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు:
1973 ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలోని 371-డి అధికరణం ఆధారంగా 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వెలువడ్డాయి. ఆంధ్రప్రదేశ్ ఆరు జోన్లుగా విభజింపబడగా నల్లగొండ ఆరో జోన్‌లో, హైదరాబాద్‌తో కలిసి ఉండిపోయింది. సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాలు, భారీ అభివృద్ధి ప్రాజెక్టులు మాత్రం ఈ ఉత్తర్వుల పరిధిలోకి రాలేదు. ఉల్లంఘనలను సరిదిద్దడానికి 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. దాని అమలు కోసం సాగిన పోరాటం ప్రత్యేక రాష్ట్ర వాదానికి బలమైన ఆధారమైంది.

4. ప్రైవేటు సేవల విస్తరణ:
ప్రభుత్వ కొలువుల వాటా గురించి వాదన సాగుతున్న కాలంలోనే ఉపాధి స్వరూపం మారింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. సాఫ్ట్‌వేర్, ఇంజనీరింగ్ రూపకల్పన, అకౌంటింగ్, సలహా సేవలు హైదరాబాద్ పడమటి అంచున గుమిగూడాయి. బోధనా రుసుముల చెల్లింపు పథకం ఊతంతో కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ పరిసరాల్లోనూ ఇంజనీరింగ్ కళాశాలలు నడిచాయి. చదువు ఊరి దగ్గరికి వచ్చింది; ఆ చదువుకు తగిన కొలువు నగరంలోనే ఉండిపోయింది. ప్రైవేటు నియామకాలకు రాష్ట్రపతి ఉత్తర్వులు వర్తించవు కనుక స్థానికత అక్కడ హక్కుగా పనిచేయలేదు.

రాష్ట్రావతరణ తర్వాత 2016 అక్టోబర్ 11న సూర్యాపేట ప్రత్యేక జిల్లా అయింది. 2018 ఉత్తర్వులు ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు ఏర్పరచి, స్థానిక కోటాను 95 శాతానికి పెంచాయి. సూర్యాపేట యాదాద్రి జోన్‌లో చేరింది. ఇక 2023లో సూర్యాపేటలో ఐటీ హబ్ ప్రారంభం కావడం ‘ఉద్యోగం ఎక్కడ?’ అన్న ప్రశ్నకు ఆలస్యంగా దొరికిన పాక్షిక సమాధానం.

5. లెక్కల్లో కనిపించని వృత్తులు:
ఈ మార్పును మండల స్థాయిలో కొలవడం సులభం కాదు. 2008 జాతీయ పారిశ్రామిక వర్గీకరణలో న్యాయ, అకౌంటింగ్, ఇంజనీరింగ్, పరిశోధన, పశువైద్య సేవలు ‘ఎం’ విభాగంలో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ‘జె’ విభాగంలో ఉంది. 1991 జనగణన ప్రధాన శ్రామికులను తొమ్మిది వర్గాలుగా చూపింది. 2001, 2011 జనగణనల గ్రామస్థాయి పట్టికల్లో మిగిలినవి నాలుగే: సాగుదారులు, వ్యవసాయ కూలీలు, గృహ పరిశ్రమలవారు, ఇతర శ్రామికులు. ఆత్మకూర్ (ఎస్)లోని పశువైద్యుడు, తాపీమేస్త్రీ, కిరాణా వ్యాపారి ఈ చివరి వర్గంలో ఒక్కటైపోతారు. నగరానికి వలసపోయిన ఇంజనీరు గణన జరిగేనాటికి ఉన్నచోటి లెక్కలో చేరుతాడు. మండలం పెంచిన విద్యావంతుడు మండలం లెక్కలో కనిపించడు.

6. ముగింపు:
స్థానికత పోరాటాలు వృథా కాలేదు. అవి లేకుంటే ప్రభుత్వ కొలువుల్లో వెనుకబడిన ప్రాంతాలకు దక్కిన వాటా కూడా దక్కేది కాదు. అయితే వాటి విజయం ప్రభుత్వ రంగానికే పరిమితమైంది. ఉద్యోగ చరిత్రను జీవోలు, ఉద్యమాల చరిత్రగా మాత్రమే రాస్తే ఆ రంగం వెలుపలి తరం కథ మరుగునపడుతుంది. కళాశాలల ప్రవేశ రిజిస్టర్లు, పూర్వవిద్యార్థుల వివరాలు, కుటుంబాల మౌఖిక కథనాలు కలిపి మండలస్థాయి అధ్యయనాలు చేపట్టినప్పుడే ఆత్మకూర్ (ఎస్) వంటి చోట్ల చదివినవారు ఎక్కడ, ఏ పనిలో స్థిరపడ్డారో తెలుస్తుంది. ఉద్యోగాలను జిల్లాలకు మళ్లించే విధానాలకు ఆ సమాచారమే పునాది కావాలి.