వాడక చెడిన కలం – బ్యాటరీ గది నేర్పిన పాఠం

ప్రత్యేక సంచికకు సర్వీసు అనుభవంతో ముడిపడిన చరిత్ర విషయం ఏదైనా వ్రాయమని మన కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, నా దగ్గర అంత చరిత్ర ఏముందండీ అని మొదట తప్పుకోజూశాను. 1971లో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో టెక్నీషియన్‌గా చేరాను. 1985లో తపాలా, టెలికాం శాఖలు విడిపోవడం, 2000 అక్టోబరు 1న మనమంతా బి.ఎస్.ఎన్.ఎల్. కావడం చూసి, 2009లో పదవీ విరమణ చేసిన సామాన్య ఉద్యోగిని. అయితే ఈ సంక్రాంతికి ముందు మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి నన్ను మళ్ళీ ఆ పాత బ్యాటరీ గది గుమ్మం ముందు నిలబెట్టింది. దానినే వ్రాస్తున్నాను.

మా శ్రీమతికి మోకాళ్ళ నొప్పులు వచ్చి వాకిట్లో వంగి ముగ్గు పెట్టలేకపోతున్నదని, మా అబ్బాయి ఒక టాబ్లెట్టు, దానిమీద వ్రాసే కలం కొనిచ్చాడు. అది సిరా కలం కాదు. లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది, దానికి చార్జింగు పెట్టాలి. ధనుర్మాసమంతా రోజుకొక ముగ్గు దానిమీద వేసి పిల్లలకు పంపేది. ఆమె కాలం చేసిన తరువాత ఆ రెండింటినీ బీరువాలో ఆమె చీరల క్రింద పెట్టాను. పద్నాలుగు నెలలు తీయలేదు. తీయాలనిపించలేదు.

ఈ జనవరిలో మనవరాలు వచ్చి "తాతయ్యా, నాయనమ్మ ముగ్గులు చూద్దాం" అన్నది. చార్జరుకు తగిలిస్తే టాబ్లెట్టు కాసేపటికి లేచింది. ముగ్గులన్నీ ఉన్నాయి. చివరిది ఇరవై ఒక్క చుక్కలు, సందు చుక్క పదకొండు వచ్చే వరకు. సగం దాకా కలిపి వదిలేసి ఉన్నది. "మిగతాది నేను కలుపుతాను" అని మనవరాలు కలం పుచ్చుకున్నది. కలం లేవలేదు. రాత్రంతా చార్జింగులో ఉంచినా లేవలేదు. బజారులో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రవాడు చూసి, "లోపల బ్యాటరీ పూర్తిగా పడిపోయింది సార్. విప్పితే విరుగుతుంది, కొత్తది కొనుక్కోవడమే" అన్నాడు. "అసలు వాడనే లేదు కదయ్యా" అన్నాను. "వాడకపోవడం వల్లనే సార్" అన్నాడు.

ఆ మాట నేను నలభై ఏడేళ్ళ క్రితమే విన్నాను.

సీసం ప్లేట్ల కాలం

తిరిగి చార్జి చేయగల బ్యాటరీని మొదట చేసినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే. సంవత్సరం 1859. అంతకుముందు 1800లో వోల్టా చేసిన బ్యాటరీ ఒకసారి అయిపోతే అయిపోయినట్లే. ప్లాంటే రెండు సీసపు రేకులను మధ్యలో గుడ్డపట్టీలు పెట్టి చుట్టగా చుట్టి, సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచి కరెంటు పంపాడు. తీసుకున్న కరెంటును అది మళ్ళీ తిరిగి ఇచ్చింది. 1881లో కామిల్ ఫోర్ అనే మరొక ఫ్రెంచి ఇంజనీరు రేకులకు సీసపు ఆక్సైడు ముద్దను పూసే పద్ధతి కనిపెట్టిన తరువాత అది వ్యాపార సరుకు అయింది. మన ఎక్స్ఛేంజి బ్యాటరీలు ఆ వంశంలోనివే.

1882లో గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అనే ఇద్దరు ఇంగ్లండు రసాయనవేత్తలు దీని లోపలి సంగతి తేల్చారు. కరెంటు ఇస్తున్నప్పుడు రెండు రకాల ప్లేట్ల మీదా సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది. చార్జి చేస్తే అది కరిగి మళ్ళీ పూర్వస్థితికి వస్తుంది. వెంటనే చార్జి చేస్తే పేచీ లేదు. ఖాళీగా వారాలు, నెలలు వదిలేస్తే ఆ సల్ఫేటు గట్టి పలుకులుగా పేరుకుని ప్లేట్లను కప్పేస్తుంది. ఆ తరువాత ఎంత చార్జి చేసినా సరిగా ఎక్కదు. మనవాళ్ళు "సల్ఫేషన్ పట్టింది" అనేది దీనినే. పైగా ఏ పనీ చేయించకపోయినా బ్యాటరీ తనలో తాను కొద్దికొద్దిగా ఖాళీ అవుతూనే ఉంటుంది. పక్కన పెట్టినంత మాత్రాన అది ఆగదు.

మనలో బ్యాటరీ గదిలో పనిచేసినవారికి చెప్పనవసరం లేదు. రెండేసి వోల్టుల సెల్లులు ఇరవై నాలుగు వరుసగా కలిపితే నలభై ఎనిమిది వోల్టులు. యాసిడ్ ఘాటు, చిల్లులు పడిన ప్యాంట్లు, డిస్టిల్డ్ వాటర్ జాడీలు, చేతిలో హైడ్రోమీటరు. పైలట్ సెల్ వోల్టేజి ఎంత, స్పెసిఫిక్ గ్రావిటీ ఎంత అని రోజూ రిజిస్టరులో వ్రాయాలి. కుర్రతనంలో ఆ రిజిస్టరు అంటే నాకు చిరాకు. రోజూ అదే 1.210, అదే 2.15. వ్రాసి ఎవరిని ఉద్ధరించాలి అనుకొనేవాడిని.

1978లో గోదావరి తీరాన ఒక చిన్న ఊరికి కొత్త ఎక్స్ఛేంజి కోసం బ్యాటరీ సెట్టు వచ్చింది. యాసిడ్ పోసి మొదటి చార్జింగు పూర్తి చేశాము. ఆ తరువాత పరికరాలు రావడం ఆలస్యమైంది. నెలకొకసారి వెళ్ళి ఫ్రెషెనింగ్ చార్జి ఇచ్చి, రీడింగులు వ్రాసి రావడం నా బాధ్యత. మొదటి నెల వెళ్ళాను. తరువాత నాలుగు నెలలు వెళ్ళకుండానే పాత అంకెలు చూసి వ్రాశాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఈ వయసులో దాచి లాభం లేదు.

అయిదో నెల మా సీనియర్ టెక్నీషియన్ గారు నాతో వచ్చి మూతలు తీయించారు. ప్లేట్లు తెల్లబారి ఉన్నాయి. ఆయన నా రిజిస్టరు చూశారు, ప్లేట్లు చూశారు, నన్ను చూశారు. పైవాళ్ళకు వ్రాయలేదు. ఒక్క మాట అన్నారు: "ఏమోయ్, పనిచేసిన బ్యాటరీ కన్నా పడుకున్న బ్యాటరీయే ముందు చస్తుంది. అంకె వ్రాయమన్నది అంకె కోసం కాదు, నువ్వు వెళ్ళి చూడాలని." తరువాత పదకొండు రోజులు అక్కడే మకాం పెట్టి, తక్కువ కరెంటుతో నిదానంగా చార్జి చేశాము. ఇరవై నాలుగింటిలో పదిహేడు సెల్లులు కోలుకున్నాయి. ఏడు కోలుకోలేదు.

చావని బ్యాటరీ కోసం

ఈ చిక్కు ప్రపంచమంతటా ఉన్నదే. స్వీడన్ దేశస్థుడు యుంగ్నర్ 1899లో నికెల్-కాడ్మియం బ్యాటరీని చేశాడు. అమెరికాలో ఎడిసన్ నికెల్-ఇనుము బ్యాటరీ మీద పడి, మొదట అమ్మినవాటిలో లోపాలు బయటపడగా తయారీ ఆపి, మళ్ళీ కొన్నేళ్ళు శ్రమించి 1910 నాటికి గట్టి సరుకు తెచ్చాడు. దానిని ఖాళీగా నెలల తరబడి వదిలేసినా పెద్దగా చెడదు. కాని బరువెక్కువ, తనలో తాను త్వరగా ఖాళీ అవుతుంది. చేతి కలంలో పట్టే వస్తువు కాదు.

కలంలో పట్టేది లిథియం-అయాన్ బ్యాటరీ. 1970లలో విటింగ్‌హామ్ పునాది వేశాడు. 1980లో గుడెనఫ్ కోబాల్టు ఆక్సైడును ప్రవేశపెట్టాడు. 1985లో జపానులో యోషినో దానిని వాడుకకు అనువుగా మలిచాడు. 1991లో సోనీ కంపెనీ బజారులోకి తెచ్చింది. ముగ్గురికీ 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గుడెనఫ్ వయస్సు 97. నోబెల్ పొందినవారందరిలోకీ ఆయనే పెద్ద. నూరేళ్ళు నిండిన తరువాత 2023లో కన్నుమూశారు. మన సంఘ సభ్యులు గుర్తుంచుకోదగిన వ్యక్తి.

ఈ బ్యాటరీ నిండుగా ఉంటే సుమారు 4.2 వోల్టులు, మూడు వోల్టుల దరికి వస్తే ఖాళీ అయినట్లు లెక్క. అంతటితో ఆగితే ఫరవాలేదు. కాని కలం బీరువాలో ఉన్నా లోపలి చిన్న సర్క్యూటు టాబ్లెట్టు పిలుపు కోసం కొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది. కలంలోని బ్యాటరీ ఒక ఆంపియర్-అవర్‌లో పదోవంతు వరకు ఉంటే ఎక్కువ. మన ఎక్స్ఛేంజి సెల్లులు వందల ఆంపియర్-అవర్లవి. చెరువు ఎండడానికి ఏళ్ళు పడుతుంది, ఉద్ధరిణెలో నీళ్ళు ఎండడానికి ఎంతసేపు? వోల్టేజి రెండు దరికి, ఇంకా క్రిందికి జారితే లోపల ప్లేటుగా వాడిన రాగి రేకు కరగడం మొదలవుతుంది. తరువాత చార్జి చేస్తే ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోపలే షార్టు కావచ్చు, వేడెక్కవచ్చు. అందుచేతనే అంతగా పడిపోయిన సెల్లుకు చార్జింగు సర్క్యూటు కరెంటు ఇవ్వడానికి ఒప్పుకోదు. మన కలం "లేవకపోవడం" చాలాసార్లు ఇదే. సీసం బ్యాటరీకి తెల్లబారడం ఎలాగో దీనికి ఇది అలాగు.

బ్యాటరీ లేని కలాలు

విద్యుత్తుతో వ్రాసే కలం మన శాఖకు దగ్గరి చుట్టమే. 1876లో టెలిఫోన్ విషయంలో బెల్‌తో పోటీపడిన ఎలీషా గ్రే 1888లో టెలాటోగ్రాఫ్‌కు పేటెంటు పొందాడు. ఇక్కడ కలంతో వ్రాస్తే తీగ గుండా అక్కడి కలం అదే వ్రాస్తుంది. 1964 నాటి రాండ్ టాబ్లెట్టు కలానికీ తీగ ఉండేది. తీగ ఉన్నన్నాళ్ళు బ్యాటరీ గొడవ లేదు. తీగ తెంచిన తరువాత జపాను వాకామ్ కంపెనీ ఒక ఉపాయం చేసింది. పలక నుండి వెలువడే అయస్కాంత క్షేత్రం నుంచే కలం కరెంటు తీసుకుంటుంది, కలంలో బ్యాటరీయే ఉండదు. 2015లో వచ్చిన యాపిల్ పెన్సిల్ లిథియం దారి పట్టింది. 2018లో వచ్చిన దాని రెండో రకం టాబ్లెట్టు అంచుకు అయస్కాంతంతో అంటుకుని అక్కడే చార్జి అవుతుంది. అదే ఏడాది శామ్‌సంగ్ తన నోట్ 9 కలంలో బ్యాటరీకి బదులు కెపాసిటర్ పెట్టింది. నలభై సెకన్లలో నిండుతుంది. అది ఖాళీ అయినా వ్రాత ఆగదు. ఇన్ని దారులు ఉన్నాయి గనుక, కొనేముందు కలంలో బ్యాటరీ ఉందా లేదా అని అడగడం మంచిది.

మనం చేయవలసినది

పిల్లల దగ్గరకు ఆరు నెలలకు వెళ్ళే సభ్యులు చాలామంది ఉన్నారు. కలం, పాత సెల్‌ఫోను, పవర్ బ్యాంకు, చెవి మిషను వంటి లిథియం వస్తువులను పూర్తిగా నింపి గాని, ఖాళీగా గాని దాచవద్దు. సగం చార్జిలో, చల్లని చోట ఉంచి, రెండు మూడు నెలలకొకసారి ఎవరిచేతనైనా చూపించండి. ఉబ్బినదానికి చార్జింగు పెట్టవద్దు, చెత్తబుట్టలో వేయవద్దు. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే దాని సీసం బ్యాటరీకి సూత్రం వేరు. దానిని నిండుగా ఉంచాలి, డిస్టిల్డ్ వాటర్ చూడాలి. మెయిన్ కట్టేసి వెళ్ళేట్లయితే బ్యాటరీ తీగ విప్పించి వెళ్ళండి. ఏటా నవంబరులో మనం బ్రతికే ఉన్నామని చూపించుకుంటున్నాం కదా, వీటికీ అటువంటి లైఫ్ సర్టిఫికేటు కావాలి!

మా అబ్బాయి కొత్త కలం తెప్పించాడు. ఒక నోటుపుస్తకం తీసి గీతలు కొట్టి తేదీ, చార్జింగు శాతం, సంతకం అని మూడు గడులు వేశాను. ప్రతి నెల ఒకటవ తేదీన వ్రాస్తున్నాను, చూసే వ్రాస్తున్నాను. టాబ్లెట్టు తెరిచినప్పుడల్లా ఆమె ముగ్గులు ఒకసారి తిరగేయక తప్పదు. మొదటి నెల కష్టమైంది. ఇప్పుడు ఒకటవ తేదీ కోసం ఎదురుచూస్తున్నాను.

ఆ సగం ముగ్గును మనవరాలు పూర్తి చేసింది. ఒక చోట రెండు చుక్కలు తప్పు కలిపింది. చెరపవద్దన్నాను.