కత్తి దిగిన తరువాత: రామప్పంతులు, గిరీశం అధికార రీతులు

ప్రతినాయకుడికి దశరూపకకారుడు చెప్పిన లక్షణాల్లో లుబ్ధత్వం, ధీరోద్ధతత్వం, వ్యసనం ఉన్నాయి. (వాటిలో ఒకటి కన్యాశుల్కంలో ముసలి వరుడి పేరై కూర్చోవడం యాదృచ్ఛికమే కావచ్చు.) అయితే ప్రతినాయకుడు ఉండాలంటే ఎదుట నాయకుడుండాలి. కన్యాశుల్కంలో ఆ స్థానం దాదాపు ఖాళీ. సౌజన్యారావు పంతులు నాటకం ముగింపుకు వచ్చే న్యాయమూర్తి వంటివాడే గాని కథను నడిపినవాడు కాడు. ఆ ఖాళీలో మసలే రామప్పంతులును, గిరీశాన్ని ప్రతినాయకులనడం కంటే యాంటీ హీరోలనడం సమంజసం. ఇద్దరూ కపటులే. కాని నలుగురిని తమ మాట వినేలా చేసుకొనే తీరులో ఇద్దరికీ పోలిక లేదు. ఆ భేదానికి చారిత్రక మూలం ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఆ మూలం కోసం నాటక స్థలానికి దూరంగా, అనంతపురం సీమలోని కుందుర్పి కొండకోటను ఒకసారి చూడవలసి ఉంటుంది. పెనుకొండను బీజాపురం వారికి వదిలిన కోనేటినాయని వంశం ఈ కోటను పుచ్చుకొని, ఇక్కడి నుంచే రాయదుర్గానికి విస్తరించిందని స్థానిక చరిత్ర. కొండ, బురుజు, బంట్లు ఉన్నవాడే ఇక్కడ దొర. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చివేశాడు. 1807 వరకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న మన్రో పాలెగాళ్ల బలాన్ని అణచి, రైతువారీ పద్ధతికి పునాది వేశాడు. విజయనగరంలో ఇదే పరిణామం కొద్దిగా ముందే, మరో రూపంలో జరిగింది. 1794లో పద్మనాభం యుద్ధంలో విజయరామరాజు మరణించాడు. 1802లో శాశ్వత శిస్తు నిర్ణయం వచ్చింది. శిస్తు విధానాలు వేరైనా రెండుచోట్లా కత్తి దిగి కాగితం ఎక్కింది. భూమి ఎవరి పేర ఉన్నదో, బాకీ ఎంతో లెక్కలో ఉన్నదే సత్యం. వానను నమ్ముకొన్న కుందుర్పి వంటి మెట్టసీమలో ఆ లెక్క రాసే చేతికి ఎంత బలం ఉండేదో ఊహించడం కష్టం కాదు. కరణాల వ్యవస్థ 1984లో రద్దయ్యే దాకా ఆ చేయి పూర్తిగా తొలగలేదు.

రామప్పంతులు ఈ కాగితపు యుగం కన్న మనిషి. అతనికి కోట లేదు, బంట్లు లేరు. అతని ఆయుధాలు దావా, సాక్ష్యం, ఉద్యోగస్థులతో పరిచయం ఉన్నదన్న ప్రచారం. అతని అధికారానికి తగవు కావాలి. తగవు తీరితే అతనితో ఎవరికీ పని లేదు. లుబ్ధావధాన్లు అతనిని ప్రేమించడు, గౌరవించడు, భయపడతాడు, అవసరపడతాడు. కనుక రామప్పంతులుకు కక్షిదారులే గాని అనుచరులు లేరు. అతనిది దళారీ అధికారం; నాయకత్వం అనదగినది కాదు.

గిరీశం దగ్గర కాగితం కూడా లేదు. ఉన్నది మాట. ఆ మాటకు వెనక దన్నుగా ఇంగ్లీషు, సంస్కరణ అనే రెండు కొత్త ప్రతిష్ఠలు నిలిచాయి. వ్యాజ్యాల పిచ్చి ఉన్న అగ్నిహోత్రావధాన్లును అతను వశపరచుకొన్న తీరు గమనార్హం. రామప్పంతులైతే ఆ దావాను పెంచి తన వాటా చూసుకొనేవాడు. గిరీశం దావా కాగితాలకు ఇంగ్లీషు సాయం చేస్తానని ఇంట్లో చోటు సంపాదించాడు. ఇక వెంకటేశం ఉన్నాడు. చదువు చెప్పించుకోవలసిన పిల్లవాడిని గిరీశం శిష్యుడిగా మార్చుకొన్నాడు; శిష్యుడికి చుట్ట కాల్చడం, గొప్పలు చెప్పడం గురువు నుంచే అబ్బాయి. తనలాంటి మరొకణ్ణి తయారుచేయగలగడం నాయకత్వ లక్షణం. ఈ ఒక్క కారణం చేతనే, నవ్వించే గిరీశం ఏవగింపు కలిగించే రామప్పంతులు కంటే ప్రమాదకారి అని నా అభిప్రాయం. బుచ్చమ్మ అతనితో వెళ్లింది భయంతో కాదు, నమ్మి. వితంతు వివాహం అన్న న్యాయమైన ఆదర్శమే ఆ నమ్మకానికి ఆధారం కావడం ఈ నాటకంలోని అసలు ఇబ్బంది.

ఇద్దరినీ దగ్గరగా ఎరిగిన వ్యక్తి మధురవాణి ఒక్కతే. మొదట గిరీశం పోషణలో, తరువాత రామప్పంతులు పోషణలో ఉండి, ఇద్దరి బలహీనతనూ ఆమె వేర్వేరుగా పట్టుకొంది. మారువేషపు పెళ్లికూతురితో పాటు మాయమైన కంటె కోసం ఆమె పట్టుబట్టడంతో రామప్పంతులు చిక్కుబడ్డాడు. వస్తువుకు లెక్క అడిగితే లెక్కల మనిషి నిలవలేకపోయాడు. గిరీశం విషయంలో వస్తువుతో పని లేకపోయింది. అతని పూర్వవృత్తాంతం సౌజన్యారావు పంతులు చెవిన పడడమే చాలింది. విన్నవాడు నమ్మడం మానితే ఉపన్యాసకుడికి మిగిలేది ఏమీ లేదు.

1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన నాటకాన్ని గురజాడ 1909లో చాలా పెంచి తిరగరాశాడు. ఆ రెండో కూర్పు ముగింపులోనూ ఇద్దరి గతి ఒకటి కాదు. పోయిన కంటె కోసం రామప్పంతులు మీద ఎవరైనా దావా నడపవచ్చు. బుచ్చమ్మను పూనా వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేసిన సౌజన్యారావు కూడా గిరీశాన్ని ఇంటి నుంచి పంపివేయడం తప్ప, అతని మీద మోపదగిన నేరమేదీ చూపలేకపోయాడు.