మోతీ వెనక గవ్వాస్

మన ఘరానాల్లో ఆడపిల్లలకు గౌహర్, దుర్దానా, మర్జానా అని పేర్లు పెట్టుకుంటాం. మొదటి రెండూ మోతీకి పేర్లు. మర్జాన్ అంటే పగడం. సూరె రహ్మాన్‌లో లూలూ, మర్జాన్ ఒకే ఆయత్‌లో పక్కపక్కన ఉంటాయి. సమందర్ ఎన్నడూ చూడని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇళ్లలోకి సముద్రం ఇట్లా పేర్లయి వచ్చింది. ఆ మోతీని నీళ్ల అడుగునుంచి తెచ్చిన మనిషి పేరే మనకు తెలీదు. అరబ్బీలో అతన్ని గవ్వాస్ అంటారు. మునిగేవాడని అర్థం.

గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్‌షా దర్బార్ మలికుష్షుఅరా తన తఖల్లుస్ ‘గవ్వాసీ’ అని పెట్టుకున్నాడు. దక్కనీలో ‘తూతీనామా’ రాసింది ఆయనే. శాయర్‌కు ఆ మాట వల్ల ఇజ్జత్ దక్కింది. అసలు గవ్వాస్‌కు దక్కింది ఖర్జా.

హైదరాబాద్ పత్తర్‌గట్టీలో పెద్దలు ‘బస్రా మోతీ’ అని మురిసిపోయే ముత్యాలు ఖలీజ్ నీళ్లవి. బహ్రెయిన్ చుట్టూ సముద్రం లోతు తక్కువ, నీళ్లు వెచ్చన. మోతీ సీపీ పిల్లగా ఉన్నప్పుడు కంటికి ఆనదు. నీళ్లలో కొట్టుకుపోతూ ఏ రాయో, ఏ పగడమో దొరికితే సన్నని దారాలతో అంటుకుని, నీళ్లు వడగట్టుకు తింటూ బతుకుతుంది. నీసాన్ నెల వాన చినుకు సీపీ నోట్లో పడి మోతీ అవుతుందని శాయర్లన్నారు. అసలు సంగతి వేరు. దాని మెత్తని ఒంట్లోకి ఏ పరాయి జీవో జొరబడితే, సీపీ దాని చుట్టూ పొర మీద పొర కప్పుతుంది. ఆ పొరలే మోతీ.

ఎండాకాలం నాలుగు నెలలు గవ్వాస్ పడవ మీదే ఉండేవాడు. ముక్కుకు ఎముకతో చేసిన పట్టు, కాలికి రాయి, మెడలో బుట్ట. ఒక్క ఊపిరి మీద దిగేవాడు. పైన సైబ్ అనే తోడు తాడు పట్టుకుని లాగేవాడు. దిగడానికి ముందే నాఖుదా దగ్గర ఇంటి ఖర్చుకు అడ్వాన్స్ తీసుకునేవాడు. హిసాబ్ నాఖుదా బహీలో ఉండేది. తీరని ఖర్జా బాప్ నుంచి బేటాకు వచ్చేది. 1920లలో బహ్రెయిన్‌లో ఆ వారసత్వపు ఖర్జాను రద్దు చేసి, ప్రతి గవ్వాస్‌కూ సొంత హిసాబ్ పుస్తకం ఉండాలన్నారు.

ఈ కథ పాలమూరోళ్లకు కొత్తగా చెప్పాలా? ఈ మూడు జిల్లాలూ 2016 దాకా పాలమూరే. ఇక్కడి జనం గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని, దేశంలో ఎక్కడ డ్యామ్ కడితే అక్కడికి పోయి మట్టి మోశారు. మేస్త్రీ లెక్కే లెక్క. నాఖుదా, మేస్త్రీ వేరువేరు జబాన్‌లు మాట్లాడారు, బహీ ఒక్కటే. మన దేశంలో వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం 1976లో వచ్చింది.

జపాన్‌లో మికిమోతో 1893లో సీపీలో మోతీ పెంచి చూపించాడు. 1930లలో ఆ మోతీలూ ప్రపంచ మాంద్యమూ కలిసి ఖలీజ్ గవ్వాస్‌ల రోజీరోటీని ముంచేశాయి. 1932లో బహ్రెయిన్‌లో చమురు పడింది. తర్వాత మన తెలంగాణ పిల్లలూ వీసా కోసం ఖర్జా చేసి అదే ఖలీజ్‌కు మజ్దూరీకి పోయారు.

1943లో ఫ్రాన్స్‌లో కుస్తో, గాన్యాన్ గాలి సిలిండర్‌తో ఈదే ఆక్వాలంగ్ తయారు చేశారు. దాన్ని వేసుకుని ఇవాళ అండమాన్‌లో, లక్షద్వీప్‌లో పగడాల మధ్య తీరుబడిగా తిరుగుతూ చిన్న చేపల్ని, రొయ్యల్ని చూసి ఖాళీ చేతుల్తో పైకి వస్తున్నారు. మంచిదే. గవ్వాస్‌కు ఆ ఫుర్సత్ లేదు. 2012లో యునెస్కో బహ్రెయిన్ మోతీ సీపీల మైదానాల్ని, ముహర్రక్‌లోని పాత ఇళ్లనూ ప్రపంచ వారసత్వంలో చేర్చింది. మన డ్యామ్‌ల మీద శంకుస్థాపన చేసినవాళ్ల పేర్లున్నాయి. మట్టి మోసిన మన నానాల, దాదాల పేర్లు ఎక్కడా లేవు. వాళ్లు ఏ డ్యామ్‌కు పోయారో, ఎంత అడ్వాన్స్ తీసుకున్నారో ఇంట్లో బుజుర్గులు ఉండగానే అడిగి రాసి పెట్టుకోండి.